కంట్రీ కిచెన్: అలంకరణకు ముందు అమరిక

ఇంగ్లండు, ఫ్రాన్సు పల్లెల్లోని రైతుల ఇళ్లలో తరతరాలుగా వాడుకలో ఉన్న వంటగదుల రూపాన్ని ఆదర్శంగా తీసుకొని, 20వ శతాబ్దం చివరి భాగంలో నగరవాసులు తమ ఇళ్లలో తీర్చిదిద్దుకున్న శైలిని కంట్రీ కిచెన్ అంటున్నారు. గది నడుమ పెద్ద చెక్కబల్ల, కిటికీ కింద లోతైన తెల్లని సింక్, తలుపులు లేని అరల్లో నిలబెట్టిన పింగాణీ పళ్లేలు, కొక్కేలకు వేలాడే రాగి గిన్నెలు, పూల అచ్చు తెరలు ఈ శైలికి గుర్తులు. విదేశాల్లో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకూ, హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల శివార్లలో ఫామ్‌హౌస్ కట్టుకొనేవారికీ ఇంటీరియర్ డిజైనర్లు చూపించే నమూనాల్లో ఇప్పుడు ఇదీ ఒకటి. అయితే నమూనా పుస్తకంలో కనిపించేది ఫలితం మాత్రమే. ఆ ఫలితానికి దారితీసిన పని అందులో కనిపించదు. ఈ వంటగదిలోని ప్రతి వస్తువూ ఏదో ఒక పని కోసమో, ఏదో ఒక ఇబ్బందిని తప్పించుకోవడానికో పుట్టింది కాబట్టి, ఆ పని ఏమిటో తెలుసుకుంటే తమ ఇంటికి ఏది అవసరమో, ఏది ఉత్త ఆడంబరమో గృహస్థులే తేల్చుకోగలుగుతారు.

పాత ఇంగ్లిషు రైతు ఇంట్లో వంట ఒకే గదిలో ముగిసే పని కాదు. వండడానికీ తినడానికీ ఉపయోగపడే పెద్ద గదిని ఆనుకొని రెండు మూడు చిన్న గదులు ఉండేవి. అంట్లు తోమడం, కూరగాయలు కడగడం, బట్టలు ఉతకడం వంటి తడి పనులన్నీ సాగే గదిని స్కలరీ అనీ, మాంసం, పాలు, వెన్న చెడిపోకుండా దాచే చల్లని గదిని లార్డర్ అనీ పిలిచేవారు. లార్డర్‌ను ఎండ తగలని ఉత్తరపు దిక్కున కట్టి, కిటికీకి అద్దం బదులు ఈగలు దూరని సన్నని జాలీ బిగించి, అరలను చెక్కతో కాక పలకరాతితోనో పాలరాతితోనో వేసేవారు. మందపాటి రాయి త్వరగా వేడెక్కదు కనుక, ఫ్రిజ్ లేని రోజుల్లో ఆ అరల మీద పెట్టిన పదార్థాలు మరికొంత కాలం నిలిచేవి. తెలుగు ఇళ్లలోనూ అంట్ల పని పెరట్లో బావి దగ్గర జరగడం, ధాన్యానికీ పప్పులకూ ఊరగాయ జాడీలకూ వేరే కొట్టుగది ఉండడం పెద్దవాళ్లు ఎరిగినదే. నేటి అపార్ట్‌మెంట్లలో యుటిలిటీ పేరుతో మిగిలిన నాలుగడుగుల చోటు చేసే పని స్కలరీ చేసినదే. కంట్రీ కిచెన్ ఫొటోల్లో గది అంత విశాలంగా, ప్రశాంతంగా కనిపించడానికి కారణం తడి పనీ, నిల్వ సరుకూ ఆ గదిలో లేకపోవడమే. అందుచేత కొత్తగా ఇల్లు కట్టేవారు ముందుగా ఈ రెండు చిన్న చోట్లను కేటాయించి, ఆ తరువాతే ప్రధానమైన గది కొలతలు నిర్ణయించుకోవాలి. మన ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం పడమటి గోడ బాగా కాగుతుంది కాబట్టి కొట్టుగదిని ఆ గోడకు ఆనించకుండా ఉండడం మేలు.

ఆ వంటగదుల్లో గోడకు బిగించిన అలమరలు తక్కువ. సామాను ఎక్కువగా విడివిడిగా నిలబడేది, అవసరమైతే జరపడానికి వీలయ్యేది. వాటిలో ముఖ్యమైనది డ్రెస్సర్. కింద సొరుగులూ తలుపుల అరలూ, పైన లోతు తక్కువ ఉన్న తెరిచిన అరలూ కలిగి ఉండే ఈ బీరువాకు వేల్స్ ప్రాంతం పేరుపొందింది. పై అరల్లో పళ్లేలు వెనక్కి ఒరిగి నిలబడడానికి సన్నని గాడి చెక్కుతారు. పళ్లేలను అలా బయట పెట్టడంలో సొగసు కొంత ఉన్నా, రోజూ వాడేవి చేతికి అందాలన్నది అసలు ఉద్దేశం. పిల్లల కథల రచయిత్రి బీట్రిక్స్ పాటర్ 1905లో ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్‌లో కొనుక్కున్న హిల్ టాప్ అనే రైతు ఇల్లు ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉంది. ఆ ఇంట్లోని డ్రెస్సర్ ఆమె వేసిన బొమ్మల్లోనూ కనిపిస్తుంది. గది నడుమ ఉండే బల్లను పైన్ చెక్కతోనో, ఆహారానికి వాసన అంటించని సికమోర్ చెక్కతోనో చేసి, రంగు పూయకుండా వదిలి, రోజూ నీళ్లతో రుద్ది కడిగేవారు. పిండి కలపడం, కూరలు తరగడం, భోజనం, పిల్లల చదువు, ఇంటి లెక్కలు అన్నీ ఆ బల్ల మీదే జరిగేవి. ఈ శైలిలో ఒకే ఒక్క వస్తువు కొనగలిగితే కొనవలసినది ఆ బల్లే.

బెల్‌ఫాస్ట్ సింక్ అనే పేరుతో అమ్ముడయ్యే లోతైన తెల్లని తొట్టి ఫైర్‌క్లే అనే ప్రత్యేకమైన బంకమట్టిని తీవ్రమైన వేడిలో కాల్చి, పైన గాజులాంటి పూత వేసి చేసినది. నీరు నిండి పొర్లిపోకుండా లోపలి గోడలో ఒక మార్గం ఉండడం దీని లక్షణం. ముందు అంచు గట్టు లోపలికి దాగకుండా బయటికి కనిపిస్తుంది కనుక, నిలబడి కడిగేవారి నడుముకూ తొట్టికీ మధ్య గట్టు అడ్డం రాదు. పెద్ద పెద్ద కుక్కర్లూ, ఇడ్లీ పాత్రలూ, బాణళ్లూ తోమవలసిన తెలుగు ఇంటికి ఈ లోతు నిజంగా పనికొస్తుంది. ఇబ్బంది కూడా చెప్పుకోవాలి: ఇది చాలా బరువైనది, కాబట్టి కింద ఇటుక గోడగానీ గట్టి చెక్క చట్రంగానీ కట్టించాలి, స్టీలు సింక్‌లా సాగదు కనుక చేజారిన గాజు గ్లాసు పగలక మానదు.

ఇక ఈ శైలికి పర్యాయపదంగా మారిన ఆగా పొయ్యి చరిత్ర ఆసక్తికరమైనది. దీన్ని కనిపెట్టిన గుస్తాఫ్ దాలెన్ స్వీడన్ దేశపు శాస్త్రవేత్త. 1912లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవాడు. అదే ఏడాది ఒక ప్రయోగంలో జరిగిన పేలుడులో ఆయన చూపు పోయింది. ఇంటి పట్టున ఉండవలసి వచ్చినప్పుడు, వంటపని భార్యను ఎంతగా అలసటకు గురిచేస్తున్నదో గమనించి, ఎప్పుడూ కనిపెట్టుకొని ఉండనక్కరలేని పొయ్యిని రూపొందించే పనిలో పడ్డాడని చెబుతారు. 1922లో ఆ పొయ్యి సిద్ధమైంది. మందపాటి పోత ఇనుము వేడిని నిల్వ చేసుకొని, లోపల చిన్న మంట నిరంతరం మండుతుండగా, ఆ వేడినే మెల్లమెల్లగా బయటికి ఇవ్వడం దీని సూత్రం. పైన ఎసరు మరిగించడానికి ఒకటి, సన్న సెగకు ఒకటి చొప్పున రెండు వేడి పళ్లేలూ, లోపల వేర్వేరు వేడిమి గల ఓవెన్లూ ఉంటాయి. సెగ పెంచడానికీ తగ్గించడానికీ మీట తిప్పడం బదులు గిన్నెను ఒకచోటి నుంచి మరొక చోటికి జరుపుతారు. 1929లో బ్రిటన్‌లో అడుగుపెట్టిన ఈ పొయ్యిని ఇంటింటికీ తిరిగి అమ్మినవారిలో, తరువాతి కాలంలో ప్రకటనల రంగంలో విఖ్యాతుడైన డేవిడ్ ఒగిల్వీ ఒకడు. తోటి అమ్మకందారుల కోసం ఆయన 1935లో రాసిన మార్గదర్శిని ఆ రంగంలో నేటికీ ప్రస్తావనకు వస్తుంటుంది.

చలిదేశంలో రాత్రింబగళ్లు వెచ్చగా ఉండే ఆ పొయ్యి వంటతోపాటు గదిని వెచ్చబరుస్తుంది, తడి బట్టలను ఆరబెడుతుంది, అందుకే ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు. మే నెలలో 40 డిగ్రీలు దాటే తెలుగు నేల మీద అదే గుణం దోషమవుతుంది. పైగా పోపు వేయడానికీ, అట్లు పోయడానికీ కావలసిన తక్షణపు మంట దానికి లేదు. ఫొటోలో ఎంత అందంగా కనిపించినా, ఇక్కడి ఇంటికి ఆ పొయ్యిని గానీ, దాని రూపాన్ని అనుకరించే ఖరీదైన పొయ్యిని గానీ తెప్పించుకోవడంలో అర్థం లేదు. లండన్‌లోనో ఎడిన్‌బరోలోనో ఉండే తెలుగు కుటుంబానికి మాత్రం అది ఆలోచించదగినదే, ఇంధనం ఖర్చు భరించగలిగితే.

రైతు ఇంటి వంటగది ఒక శైలిగా ఎందుకు మారిందో అర్థం కావాలంటే దానికి ఎదురుగా నిలిచిన మరొక వంటగదిని చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల కోసం వేల సంఖ్యలో ఇళ్లు కట్టినప్పుడు, మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి 1926లో వాటికి ఒక వంటగదిని రూపొందించింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గల ఆ గదిలో అలమరలు, గట్టు, సింక్ అన్నీ గోడలకు బిగించి ఉంటాయి. ఎన్ని అడుగులు వేస్తే ఏ పని పూర్తవుతుందో లెక్కగట్టి వాటి చోట్లు నిర్ణయించారు. నేటి మాడ్యులర్ కిచెన్‌కు మూలం అదే. శ్రమ తగ్గిన మాట నిజమేగానీ, ఇద్దరు నిలబడలేని ఆ గదిలో వండేవారు ఇంట్లో మిగిలినవారికి దూరమయ్యారన్న విమర్శ తరువాత వచ్చింది. బ్రిటిష్ డిజైనర్ జానీ గ్రే 1980ల్లో ప్రచారంలోకి తెచ్చిన అన్‌ఫిటెడ్ కిచెన్ భావన ఈ అసంతృప్తి నుంచి పుట్టినదే. గోడలకు బిగించిన డబ్బాల వరుసను తీసివేసి, విడివిడి సామానుతో వంటగదిని మళ్లీ కూర్చొనే గదిగా మార్చాలని ఆయన వాదించాడు. ప్రసిద్ధ వంటల రచయిత్రి ఎలిజబెత్ డేవిడ్ సోదరికి ఆయన కొడుకు కావడం వల్ల అటువంటి వంటగదిని ఆయన దగ్గర నుంచి చూసినవాడే.

బిగించిన వంటగది, విడివిడి సామాను వంటగది, ఈ రెండింటిలో ఏది మేలు అన్న ప్రశ్నకు జవాబు కొలతలు తీసిన తరువాతే దొరుకుతుంది. పొయ్యి, సింక్, ఫ్రిజ్ మూడింటినీ కలుపుతూ గీసే ఊహాత్మక త్రిభుజంలో ఒక్కొక్క భుజం 4 నుంచి 9 అడుగులు, మూడూ కలిపి 13 నుంచి 26 అడుగులు ఉండాలన్న నియమాన్ని 1940ల్లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన వ్యాప్తిలోకి తెచ్చింది. ఒకరు పనిచేసే చోట నడవా 42 అంగుళాలు, ఇద్దరు పనిచేసే చోట 48 అంగుళాలు వదలడం మంచిదంటారు. గది వెడల్పు 10 అడుగులు అనుకుంటే, ఒక గోడ వెంబడి గట్టుకు 2 అడుగులు, నడుమ బల్లకు రెండున్నర అడుగులు పోగా మిగిలే ఐదున్నర అడుగుల్లో పని చేసే వైపు మూడున్నర, అవతలి వైపు రెండు అడుగులు వస్తాయి. అంతకన్నా ఇరుకైన గదిలో బల్లను నడుమ పెట్టాలన్న కోరిక మానుకొని, ఎదుటి గోడకు ఆనించడమే ఉత్తమం. గట్టు ఎత్తును కూడా మేస్త్రీ అలవాటుకు వదిలిపెట్టకూడదు. ఎక్కువగా వండేవారు నిలబడి మోచేయి వంచినప్పుడు నేల నుంచి మోచేతికి ఎంత ఎత్తు ఉందో కొలిచి, అందులోంచి 4 నుంచి 6 అంగుళాలు తగ్గిస్తే వారికి తగిన ఎత్తు తెలుస్తుంది. పిండి పిసకడానికీ చపాతీ ఒత్తడానికీ ఇంకా తక్కువ ఎత్తు కావాలి. 30 అంగుళాల బల్ల ఆ పనికి చక్కగా సరిపోతుంది. గదిలో ఒకే ఎత్తు గల గట్టు నలువైపులా పోసే మాడ్యులర్ పద్ధతిలో లేని సౌకర్యం ఇది.

నేల, గోడల విషయంలో తెలుగువారు దిగుమతి సరుకు వైపు చూడనక్కరలేదు. ఇంగ్లిషు పల్లెల్లో పరిచిన బండరాళ్లకు దీటైన రాయి వికారాబాద్ జిల్లా తాండూరులో నీలం, పసుపు ఛాయల్లో దొరుకుతుంది. అరలు వేయడానికి కడప నల్లబండ ఎంతోకాలంగా వాడుకలో ఉన్నదే. ఎర్ర గచ్చు నేల కూడా ఈ శైలికి చక్కగా ఒదుగుతుంది. అయితే తాండూరు బండగానీ కడప బండగానీ సున్నపురాయి జాతికి చెందినవి కాబట్టి నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ పడితే మెరుపు పోయి మచ్చ కడతాయి. అందువల్ల వాటిని నేలకూ అరలకూ పరిమితం చేసి, తరగడం, పులుసు పెట్టడం జరిగే గట్టుకు గ్రానైటు వేసుకోవడం తెలివైన పని. గోడలకు వెల్ల వేయడం ఇంగ్లండులోనూ మనదగ్గరా ఒకే పద్ధతి. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకొని మళ్లీ రాయిగా గట్టిపడుతుంది, దాని క్షారగుణం బూజును నిలవనివ్వదు, గోడలోని చెమ్మ బయటికి పోయే దారినీ మూయదు. కానీ పొయ్యి వెనుక గోడకు వెల్ల పనికిరాదు. తాలింపు నూనె చిట్లే ఆ మూడు నాలుగడుగుల మేర నున్నని పలకలు అంటించక తప్పదు.

ఫ్రాన్సులోని జివెర్నీ గ్రామంలో చిత్రకారుడు క్లోద్ మోనే 1883 నుంచి నివసించిన ఇంట్లో వంటగది ఇందుకు మంచి ఉదాహరణ. గోడల నిండా నీలం, తెలుపు పలకలు, వాటి మీద వరుసగా వేలాడే రాగి పాత్రలు, పక్కనే పసుపుపచ్చని భోజనాల గది. చిత్రకారుడి ఇల్లు కాబట్టి రంగుల ఎంపిక ప్రత్యేకమైనదే, కానీ పలకలు కడగడానికి వీలుగా ఉండడం, రాగి వేడిని త్వరగా, సమంగా పంచడం అక్కడి వంటవారికి అందం కన్నా ముఖ్యమైన సంగతులు. రాగి పాత్రల లోపల తగరం పూత ఉండాలన్న నియమం కళాయి ఎరిగిన తెలుగువారికి కొత్తది కాదు. కళాయి పోయిన పాత్రను గోడకు అలంకారంగా వేలాడదీయవచ్చుగానీ అందులో పులుసు కాచకూడదు.

ఈ శైలిలో కనిపించే పూల తెరలకు మాత్రం తెలుగు నేలతో అసలైన చుట్టరికం ఉంది. 17వ శతాబ్దంలో డచ్చి, ఇంగ్లిషు, ఫ్రెంచి వర్తక సంఘాలు మచిలీపట్నం మొదలైన కోరమాండల్ తీరపు రేవుల నుంచి తీసుకుపోయిన అద్దకపు నూలుబట్టలు ఐరోపాలో సంచలనం కలిగించాయి. ఉతికినా రంగు వదలని బట్టలు అక్కడివారికి వింత. పటిక, కరక్కాయ కషాయంతో ముందుగా బట్టను సిద్ధం చేసి, చిరివేరు వంటి వేళ్ల నుంచి తీసిన ఎరుపు రంగు నూలుకు అంటిపెట్టుకొనేలా చేసే విద్య అప్పటికి వారికి పట్టుబడలేదు. తమ ఉన్ని, పట్టు పరిశ్రమలు దెబ్బతింటున్నాయన్న ఆందోళనతో ఫ్రాన్సు 1686 నుంచి 1759 వరకు ఈ బట్టలను నిషేధించింది. ఇంగ్లండు కూడా 1700లో దిగుమతి మీద, 1721లో వాడకం మీద చట్టాలు చేసింది. ఈలోగా ఐరోపా కార్మికులు ఆ విద్య నేర్చుకొన్నారు. దక్షిణ ఫ్రాన్సులోని ప్రోవాన్స్ ప్రాంతపు వంటింటి బట్టల మీద కనిపించే చిన్న చిన్న పూల అచ్చులు ఆ సంప్రదాయం నుంచి వచ్చినవే. అందుకని తెలుగు ఇంట్లో కంట్రీ కిచెన్ తెరల కోసం విదేశీ దుకాణాలు వెదకడం కన్నా మచిలీపట్నం పక్కనున్న పెడన నుంచి కలంకారీ అచ్చుబట్ట తెప్పించుకోవడం చవకా, చరిత్రకు న్యాయమూ. సహజమైన రంగులు తీవ్రమైన ఎండకు వెలిసిపోతాయి కాబట్టి పడమటి కిటికీకి మాత్రం వాటిని కట్టకూడదు. పొయ్యికి దగ్గరలో ఏ తెరా ఉండకూడదని వేరే చెప్పనక్కరలేదు.

అలంకరణలో జాగ్రత్త పడవలసిన సంగతులు మరికొన్ని ఉన్నాయి. తెరిచిన అరలు ఈ శైలికి ప్రాణమంటారుగానీ, రోజూ పోపు పెట్టే ఇంట్లో నూనె ఆవిరీ దుమ్మూ కలిసి పళ్లేల మీద జిడ్డుగా పేరుకుంటాయి. వారానికి రెండుసార్లయినా వాడే పాత్రలు తప్ప మరేవీ అక్కడ పెట్టకుండా ఉంటే వాడకంతోనే అవి శుభ్రంగా ఉంటాయి. మిగిలినవాటికి తలుపుల బీరువాయే తగినది. తలుపులకు షేకర్ పద్ధతి బాగా నప్పుతుంది. 1774లో ఇంగ్లండు నుంచి అమెరికాకు వలసపోయిన షేకర్లు అనే మతశాఖవారు నగిషీని నిరాకరించి, చుట్టూ చట్రం, నడుమ సాదా పలక గల తలుపులు చేసుకున్నారు. చెక్కడపు పని లేకపోవడం వల్ల జిడ్డు పట్టే సందులు అందులో తక్కువ. కొత్త చెక్కను గీకి, రంగు లేపి పాతదిలా కనిపించేలా చేయడం, కాంక్రీటు కప్పుకు ఉత్తుత్తి దూలాలు అంటించడం ఇప్పుడు ఫ్యాషన్. వాటికి పెట్టే డబ్బు దండగ. ఏ బరువూ మోయని దూలం బూజు పట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. నిజంగా పాతదైన రంగు వేసిన సామాను కొనేటప్పుడు మరో ప్రమాదం ఉంది. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ కనుక, దాన్ని ఇంట్లో పొడిగా గీకించకూడదు. నేలకు ఆనే కాళ్ల దగ్గర చెదలు పట్టాయేమో చూసుకొని, కాళ్ల కింద రాతి ముక్కలు పెట్టించాలి.

సింక్ కిందా, గట్టు కిందా తలుపులకు బదులు తెర కట్టడం కంట్రీ కిచెన్‌లో తరచుగా కనిపిస్తుంది. లోపలికి గాలి ఆడడం దాని మేలు. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది కాబట్టి, లీకైతే నేల మట్టానే పేరుకుంటుంది. సిలిండరు ఉన్న అరకు బిగుతైన తలుపు పెట్టడం అందువల్ల అపాయకరం. వీలైతే సిలిండరును బయట యుటిలిటీలో ఉంచాలి, లేదంటే ఆ అర కింది భాగంలో గాలి ఆడే ఖాళీలు వదలాలి. దీపాల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు: తరిగే చోట నీడ పడకుండా గట్టు పైనే ఒక దీపం, బల్ల పైన 2700 కెల్విన్ల పసుపు ఛాయ గల దీపం ఉంటే చాలు.

డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు మొదట గాలి, వెలుతురు వచ్చే కిటికీకీ, తరువాత మంచి సింక్‌కూ, గట్టి బల్లకూ ఖర్చుపెట్టి, అలమరలను ఏడాది తరువాత చూసుకున్నా నష్టం లేదు. వాడుతూ ఉంటే ఎక్కడ ఏ అర కావాలో తెలిసివస్తుంది. సొంత ఊళ్లో పాత ఇల్లు ఉన్నవారు వడ్రంగిని పిలిచే ముందు ఒకసారి అక్కడికి వెళ్లి, అటక మీదా కొట్టుగదిలోనూ మిగిలిన టేకు బీరువా, భోషాణం, జాడీలు, ఇత్తడి పాత్రలు చూసి, వాటి పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి, కొత్త వంటగది ప్లానులో వాటికి ముందే చోటు గీయించాలి. గట్టు పోయడం పూర్తయ్యాక ఆ బీరువాకు చోటు దొరకదు, అది పాత సామాను దుకాణానికి చేరుతుంది.